బరువైన డబ్బా

స్కీము మాట విని బాగుపడినవాణ్ణి మేస్త్రీ ఇంతవరకు చూడలేదు.

స్కీము అంటే మేస్త్రీ భార్యకు స్వయానా తమ్ముడు. కంప్యూటర్లు అమ్మే పెద్ద షాపులో సేల్స్ ఉద్యోగం. పెళ్ళికొచ్చినా పరామర్శకొచ్చినా "బావా, ఒక స్కీముంది" అనకుండా కుర్చీలో కూర్చోడు. అందుకని అయినవాళ్ళూ కానివాళ్ళూ అందరూ వాణ్ణి ఆ పేరుతోనే పిలుస్తారు. "కమీషను రాదంటే వాడు చావు కబురు కూడా మోసుకురాడు" అని మేస్త్రీ మోటారు బాగుచేయించుకోవడానికి తెచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట స్కీము చెవిన పడకపోలేదు. పడ్డా నవ్వేసేవాడు. ఆ నవ్వు చూస్తేనే మేస్త్రీకి అరికాలి మంట నెత్తికెక్కేది.

సోమవారం పొద్దున ఆ స్కీమే, మేస్త్రీ కూతురిని వెంటబెట్టుకుని వైండింగ్ షాపులోకి వచ్చాడు. మేస్త్రీ అప్పుడు కాలిపోయిన మోటారును ఒళ్ళో పెట్టుకుని, ఉలితో పాత తీగ కోసి, గాడుల్లోంచి చుట్టలు పీకుతున్నాడు. మాడిన వార్నిష్ పొడి మోకాళ్ళ మీద నల్లగా రాలుతోంది. తల ఎత్తలేదు.

"కూర్చో. ఏ స్కీము?"

"నాది కాదు బావా. ఈసారి నీ కూతురిది."

కూతురు స్టూలు మీద కూర్చోకుండానే మొదలుపెట్టింది. శనివారం మధ్యాహ్నం కంప్యూటర్ ఆటలాడే ఒక జట్టులోకి ఎంపిక. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆడాలి, వాళ్ళు చూస్తారు. ఉన్నది ఒక్క ఖాళీ. వస్తే నెలనెలా జీతం. ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ మీద ఆట కదలదు, ఆగి ఆగి నడుస్తుంది. ఇన్నాళ్ళూ స్నేహితురాలి కంప్యూటర్ మీద ఆడి ఇంతవరకు వచ్చింది. ఆ అమ్మాయి కుటుంబం ఊరు మారింది.

టిఫిన్ డబ్బా ఇవ్వడానికి అప్పుడే వచ్చిన మేస్త్రీ భార్య గడపలోనే ఆగిపోయింది. "ఆడితే జీతమా? ఇన్నేళ్ళు వండాను, ఒక్కరైనా ఇచ్చారటే!"

"ఎంతవుతుంది?" అన్నాడు మేస్త్రీ.

"అరవై అయిదు వేలు దాటనివ్వను నాన్నా. ఇరవై ఏడు నా దగ్గరున్నాయి."

ఆ ఇరవై ఏడు ఎలా వచ్చాయో అతనికి తెలుసు. కాలేజీ అయ్యాక గోదాములో సాయంత్రం షిఫ్టు, అట్టపెట్టెలకు టేపు వేసే పని. టేపు అంచు కోసి కోసి ఆమె బొటనవేలి పక్కన చర్మం గట్టిపడిపోయింది. మేస్త్రీ ఉలి పక్కన పెట్టి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

"మిగతాది నేనేస్తా. కానీ కొనేది నేను. డబ్బు నా చేతి మీదుగా పోవాలి. చెప్పు, ఏమేం కావాలి?"

స్కీము ఫోను తీసి ఒక్కొక్కటే చదివాడు. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్. మేస్త్రీ ప్రతి ధరకూ ముక్కు చిట్లించాడు.

"గ్రాఫిక్స్ కార్డు ఇరవై ఎనిమిదిన్నర."

"బొమ్మలు కదలడానికి ఇరవై ఎనిమిదిన్నర వేలా!"

"దీనికి మోటారు అదే బావా. మిగతావన్నీ పైపులు."

"మోటారు సంగతి నువ్వు నాకు చెప్పకు. తర్వాత?"

"పవర్ సప్లై. ఆరువేల నాలుగొందలు."

మేస్త్రీ కళ్ళద్దాలు తీశాడు. మిగతా సామాన్ల గుట్టు అతనికి తెలియదు, తెలియదు గనక గొణిగి ఊరుకున్నాడు. ఇది మాత్రం కరెంటు వస్తువు.

"అంటే గోడలోంచి వచ్చిన కరెంటును తగ్గించి లోపలికిచ్చే డబ్బా. అంతేగా?"

"అంతే అనుకో, కానీ..."

"దానికి ఆరువేల నాలుగొందలా? అంత డబ్బులిస్తే నేను ఊరి సగానికి చుట్టిస్తా ట్రాన్స్‌ఫార్మర్! ఇందులో నీకెంత?"

"నాన్నా, అది..." అంది కూతురు.

"నువ్వాగు."

కూతురు ఆగిపోయింది. స్కీము నవ్వాడు. ఎప్పటి నవ్వే.

*

మంగళవారం షాపులో డబ్బు కట్టేటప్పుడు స్కీము మళ్ళీ కదిపాడు. మిగతా సామాన్లన్నీ బల్ల మీద పేర్చి, తన ఉద్యోగి తగ్గింపు కూడా వేయించి, గొంతు తగ్గించి అన్నాడు.

"బావా, ఒక్క మాట. వేరే దేన్లో తగ్గించినా ఆట కాస్త నెమ్మదిస్తుంది, అంతే. దీన్లో తగ్గిస్తే..."

"నీ కమీషను తగ్గుతుంది."

మేస్త్రీ గొంతు తగ్గించలేదు. మోటార్ల మోత మధ్య బతికిన గొంతు అది. పక్క కౌంటర్లో ఇద్దరు కుర్రాళ్ళు పకపకా నవ్వారు. ఎవడో "దొరికిపోయాడ్రా స్కీమన్న" అన్నాడు. స్కీము మెడలో వేలాడుతున్న గుర్తింపు కార్డు తిరగబడి ఉంది. దాన్ని సరిచేసుకుంటూ నిలబడ్డాడు. అది సరిగ్గా పడ్డాక కూడా వేళ్ళు దాని మీదే ఉన్నాయి. ఈసారి నవ్వలేదు. మేస్త్రీకి ఎన్నాళ్ళనుంచో ఉన్న బాకీ తీరినట్టనిపించింది.

అట్నుంచి అటే పాత సామాన్ల సందులోకి నడిచాడు. అక్కడ షాపులన్నీ మెట్ల కిందా గోడల మధ్యా ఇరుక్కుని ఉంటాయి. ఒక షాపువాడు పవర్ సప్లైలు ఇటుకల్లా పేర్చి కూర్చున్నాడు. మేస్త్రీ స్టిక్కర్ల వంక చూడనైనా లేదు. ఒక డబ్బా తీసి అరచేతిలో ఆడించాడు, దించాడు. ఇంకోటి తీశాడు.

అది అతని పద్ధతి. తీగ కొన్నా, పాత మోటారు కొన్నా, ముందు చేయి చూస్తుంది, తర్వాత కన్ను చూస్తుంది. సరుకులో రాగి ఉంటే బరువుంటుంది. రాగి మిగుల్చుకుని మోసం చేసినవాడి సరుకు గాలిలా తేలిపోతుంది. ఈ చేతిని ఇంతవరకు ఎవడూ బోల్తా కొట్టించలేదు.

షాపువాడు అతని చేతినే చూస్తున్నాడు. చూసి లేచాడు.

"మీరు పనివాళ్ళండీ. మీకివి ఆనవు. ఆగండి."

లోపలికి వెళ్ళి ఇంకో డబ్బా తెచ్చి రెండు చేతులతో అందించాడు. మేస్త్రీ మణికట్టు కిందికి దిగింది. ముఖంలో వెలుగు దాచుకుందామన్నా ఆగలేదు.

"ఏడొందల వాట్లు. లోపలి సరుకు. చూపించడానికి పెట్టం," అన్నాడు షాపువాడు.

"స్టిక్కరు మీద ఎంతైనా రాస్తారు. తూకం అబద్ధమాడదు. ఎంత?"

"రెండువేల ఆరొందలు. మీకైతే రెండువేల నాలుగొందలు."

"రెండువేలు."

"బిల్లు వద్దంటే రెండువేల వంద. మళ్ళీ బేరమాడితే నా మీద ఒట్టే."

బిల్లు ఎవడిక్కావాలి? మేస్త్రీ డబ్బా చంకన పెట్టుకుని నడిచాడు. ఇల్లు చేరగానే భార్య చేతిలో నాలుగువేల మూడువందలు పెట్టాడు.

"ఏమిటివి?"

"మీ తమ్ముడి నోట్లోంచి లాక్కొచ్చినవి."

*

బుధవారం కూతురు ముందుగదిలో దుప్పటి పరిచి సామాన్లన్నీ దాని మీద పెట్టుకుంది. మేస్త్రీ షాపు తెరవకుండా తలుపుకానుకుని చూస్తున్నాడు. ఆమె ప్రాసెసర్‌ను అంచులు పట్టుకుని ఎత్తింది, గింజ పట్టినట్టు. గురుతు చూసుకుని, ఊపిరి బిగబట్టి, బోర్డు మీది గడిలో దించి వదిలేసింది. నొక్కలేదు. పనితనం ఉన్న చేయి అని మేస్త్రీకి అర్థమైంది. అటు తిరిగి దగ్గాడు.

డబ్బా దగ్గరకొచ్చి ఆమె ఆగింది. నాలుగువైపులా తిప్పి చూసింది.

"ఇదెక్కడిది నాన్నా? ఈ కంపెనీ పేరు నేనెక్కడా వినలేదు."

"కరెంటుకి కంపెనీ ఏమిటి? బరువు చూడు."

"దీంట్లో పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు నాన్నా. ఇది వేరే పద్ధతి. బరువును బట్టి చెప్పలేం. మార్చుకొద్దాం, నేనూ వస్తా."

"బిల్లు లేదు."

ఆమె డబ్బా వంక, గోడ గడియారం వంక చూసింది. కొత్త కంప్యూటర్ మీద చేయి తిరగాలంటే శనివారానికి ముందు ఉన్నవి ఈ రెండు మూడు రోజులే.

"ముప్పై ఏళ్ళుగా కరెంటుతో కాపురం చేస్తున్నానే. నా మాట మీద నమ్మకం లేదా?"

ఆమె మరలు బిగించింది.

స్విచ్ వేస్తే పంకాలు తిరిగాయి. తెర వెలిగింది. సాయంత్రానికి ఆట మొదలైంది. తెర మీద ఎవరో పరుగెత్తుతున్నారు, దూకుతున్నారు, ఎక్కడా ఆగడం లేదు. కూతురు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, కనిపించని జట్టువాళ్ళకు పొడిపొడిగా ఆజ్ఞలిస్తోంది. "ఎడమ. నువ్వాగు. నేను పోతా." ఆ గొంతు ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు. భార్య వంటగదిలోంచి తొంగిచూసి, "ఎవరినే అలా కసురుతున్నావు?" అంది. మేస్త్రీ ఆమెను చేత్తోనే వారించి కూతురి కుర్చీ వెనక నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఆట ఒక్క ముక్క అర్థం కాలేదు. డబ్బా వైపు మాత్రం రెండుసార్లు చూసుకున్నాడు.

*

గురువారం చీకటిపడే వేళ అతను స్నానం చేసి తువ్వాలుతో తల తుడుచుకుంటున్నాడు. ముందు ముక్కుకు తెలిసింది. మాడే వార్నిష్ వాసన. ఆ వాసనతోనే అతను అన్నం తింటున్నాడు, పొరపాటు పడే సమస్యే లేదు. షాపులో అయితే అది నిన్నటి వాసన, పోయిన మోటారు వాసన. ఇక్కడ పచ్చిగా, వేడిగా ఉంది.

"తీసెయ్! స్విచ్ తీసెయ్!"

కూతురి చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి. అతను గదిలోకి ఉరికేలోగా టప్పుమంది. తెర ఆరిపోయింది. కంప్యూటర్ క్యాబినెట్ వెనకనుంచి సన్నటి పొగ గోడమీదికి పాకింది. కూతురి చేతులు రెండూ కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి.

పాత కంప్యూటర్లోంచి పవర్ సప్లై ఊడదీసి తగిలించి చూసింది. బోర్డు పలకలేదు. గ్రాఫిక్స్ కార్డును విప్పి దీపం కిందకు తెచ్చింది. ఒక మూల నల్లగా, నాణెమంత మచ్చ.

మేస్త్రీ తన డబ్బా తీసి నేలమీద కూర్చుని నాలుగు మరలు విప్పాడు. మూత తీశాడు. లోపల బొటనవేలంత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి, మాడిపోయి. రెండు మూడు చిన్న సామాన్లు. అడుగున, రేకుకు జిగురుతో అంటించి, నల్లరంగు పూసిన ఇనుప దిమ్మ. దానికి ఏ తీగా రాలేదు, దాన్నుంచి ఏ తీగా పోలేదు. అది ఉన్నది తూగడానికే.

స్క్రూడ్రైవర్ దూర్చి పెకిలించాడు. దిమ్మ అరచేతిలోకొచ్చింది. తీసేశాక డబ్బా ఖాళీ అట్టపెట్టెలా తేలిపోయింది.

"చూడండర్రా!" అంది భార్య. "ఆ షాపు ముండాకొడుకు..."

"అసలు మీ తమ్ముడు మొదటే ఆ ఆరువేల లెక్క చెప్పకపోయుంటే నేనా సందులోకి పోయేవాణ్ణే కాదు," అన్నాడు మేస్త్రీ. అలవాటు మీద వచ్చేసింది.

కూతురు కార్డు మీదనుంచి తల ఎత్తలేదు.

"ఆ ఆరువేలది మామయ్య చెప్పింది కాదు. మామయ్య నాలుగువేలది చాలన్నాడు. కార్డు ఖరీదైంది, వెనక గట్టిది ఉండాలని నేనే పట్టుబట్టా. దానికోసం క్యాబినెట్లో తగ్గించుకున్నా, ర్యామ్‌లో తగ్గించుకున్నా."

"ఆ ముక్క సోమవారమే చెప్పొచ్చుగా!"

"నువ్వాగు అన్నావుగా నాన్నా."

*

శుక్రవారం పొద్దున్నే సందులోకి వెళ్తే షాపువాడు మేస్త్రీని ఎన్నడూ చూడనట్టు చూశాడు. "మా దగ్గరే కొన్నారని ఏముందండీ?" అన్నాడు. అంత మర్యాదగా అబద్ధమాడేవాణ్ణి కొట్టడానికి కూడా చేయి రాదు.

అక్కణ్ణుంచి కూతురితో స్కీము షాపుకు వెళ్ళాడు. సంగతంతా కూతురు రాత్రే ఫోనులో చెప్పింది. స్కీము మెట్ల దగ్గరే కాచుకుని ఉన్నాడు. "ఆ డబ్బా మాట ఎత్తకండి. నేను చూసుకుంటా" అన్నాడు గబగబా. మేస్త్రీ ముఖంలోకి మాత్రం చూడలేదు.

సర్వీసు కౌంటర్లో కూర్చున్న ఆవిడ కార్డును వాసన చూసింది, మచ్చను అద్దంతో చూసింది.

"ఏ పవర్ సప్లై పెట్టారు?"

"మన దగ్గరిదే మేడమ్. ఆరువేల నాలుగొందలది," అన్నాడు స్కీము.

"బిల్లులో లేదే?"

"విడిగా చేయించా. కాగితం రేపు తెచ్చిస్తా." అంటూనే అతని చేయి జేబులోని పర్సు మీద పడింది. ఆ కాగితం ఎలా వస్తుందో మేస్త్రీకి అర్థమైంది. ఆ సాయంత్రమే తన సొంత డబ్బుతో కొంటాడు.

ఆవిడ కళ్ళద్దాల మీదుగా స్కీము వంక చూసింది.

"నువ్వు రాసి సంతకం పెడితే కార్డూ బోర్డూ ఇప్పుడే మార్చిస్తాను. ఇవి కంపెనీకి పోతాయి, వాళ్ళు విప్పి చూస్తారు. నాసిరకం డబ్బా వల్ల పోయిందని తేలితే డబ్బు నీ జీతంలోంచి, నువ్వు ఇంటికి. పోయిన నెల ఒకాయన పోయాడు, గుర్తుందిగా?"

"గుర్తుంది మేడమ్."

"ఏమండీ, మీరే కదా కొన్నది. ఇతను చెప్పింది నిజమేనా?"

అడిగింది మేస్త్రీని. ఆవిడ వెనక అరలో కార్డు పెట్టెలు వరసగా ఉన్నాయి, కొత్తవి, పైకాగితం చింపనివి. చేయి చాపితే అందుతాయి. ఒకటి పట్టుకెళ్తే రేపు మధ్యాహ్నం ఆ పిల్ల కుర్చీలో కూర్చుంటుంది, "ఎడమ, నేను పోతా" అంటుంది. ఇవతల స్కీము కలం మూత తీశాడు. ఇన్నేళ్ళూ ఎవణ్ణి దొంగ అన్నాడో వాడు ఇప్పుడు తన కోసం మొదటిసారి దొంగ కాగితం మీద సంతకం పెట్టబోతున్నాడు. కాదనడానికి ఒక్క మాట చాలు. మేస్త్రీ తల ఊపలేదు, అడ్డంగానూ ఆడించలేదు. నేల చూశాడు.

కలం కాగితం మీద ఆనింది.

కూతురు అరచేయి చాపి కాగితం మీద పెట్టింది.

"మామయ్యా, వద్దు."

"నువ్వుండమ్మా..."

"మేడమ్, మేం పెట్టింది ఇది." సంచిలోంచి డబ్బా తీసి కౌంటరు మీద పెట్టింది. దాని పక్కన ఇనుప దిమ్మ పెట్టింది. అది అద్దం మీద టక్కుమంది. "బయట కొన్నాం. ఆయనకి సంబంధం లేదు. మంచిదే తీసుకోమన్నాడు."

ఆవిడ దిమ్మను చేతిలోకి తీసుకుని చూసింది. కాగితాన్ని రెండుగా చింపి కింద బుట్టలో వేసింది. కార్డునూ బోర్డునూ ఇవతలికి తోసింది.

"దీనికి వారంటీ రాదమ్మా."

"తెలుసండీ."

మెట్లు దిగుతుంటే స్కీము వెనకే వచ్చాడు. "తొందరపడ్డావే పిల్లా. నేనేదో తంటాలు పడేవాణ్ణిగా. మా షాపులో ఒక కంప్యూటర్ ఒక పూట..." అంటూ ఆగిపోయాడు. షాపులో కూర్చుని ఆడనివ్వరని ముగ్గురికీ తెలుసు. కూతురు అతని చేయి ఒకసారి నొక్కి వదిలేసింది. తండ్రి వంక చూడలేదు. ముందు నడిచింది.

*

శనివారం పొద్దున ఆమె జట్టువాళ్ళకు ఫోను చేసి కంప్యూటర్ కాలిపోయిందని చెప్పింది. అవతలి గొంతు అయ్యో అంది, ఉన్నది ఒక్క ఖాళీయేగా అంది, అది ఈరోజే నిండిపోతుందంది. ఆమె సరే అని పెట్టేసింది. మధ్యాహ్నం ఆట వేళకు జుట్టు బిగించి ముడేసుకుని గోదాముకు బయల్దేరింది. శనివారం రెండు షిఫ్టులు వేస్తారట. తల్లి అన్నం తినిపొమ్మని వీధి మలుపుదాకా వెంటపడింది.

మేస్త్రీ షాపులో కూర్చుని సోమవారం విప్పిన మోటారుకు కొత్త తీగ చుడుతున్నాడు. చుట్టలు గాడుల్లో దించి, అంచులు చెక్కతో కొట్టి, దారంతో కడుతున్నాడు. చేయి ఎప్పటిలాగే తన పని తాను చేసుకుపోతోంది. ఆ చేతిని చూస్తుంటే అతనికి పరాయివాడి చేయిలా ఉంది.

పక్క షట్టరు వెల్డరు ముసుగు నెత్తిమీదికి లేపి, బీడీ కోసం వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అమ్మాయి కంప్యూటరు బూడిదైందటగా మేస్త్రీ?"

"ఊఁ."

"స్కీము ఆఖరికి నీకే టోపీ పెట్టాడన్నమాట. నువ్వు మొదట్నుంచీ చెబుతూనే ఉన్నావు, సొంత బావని కూడా వదలడని." అగ్గిపుల్ల గీసి, సానుభూతిగా పొగ వదిలాడు. "పాపం. ఎంతకి ముంచాడు?"

తల ఊపితే చాలు. సాయంత్రానికి వీధంతా ఊపుతుంది. ఎవరూ సాక్ష్యం అడగరు. ఇన్నేళ్ళూ కూర్చోబెట్టి నేర్పింది తనేగా. మేస్త్రీ దారం కొస పళ్ళతో తెంపాడు. మోటారును పక్కకు దించాడు.

"వాడు కాదు," అన్నాడు. గొంతు తగ్గించలేదు. అవతల షట్టర్లదాకా వినబడింది. "వాడు వద్దన్నాడు. నేనే వినలేదు. నా చేత్తో తూచి కొని, నా బిడ్డ బతుకులో పెట్టా."

వెల్డరు బీడీ నోట్లోంచి తీశాడు. "ఎంత?"

"కార్డు ఇరవై ఎనిమిదివేల అయిదువందలు. బోర్డు ఎనిమిదివేల రెండువందలు. డబ్బా రెండువేల వంద. మొత్తం ముప్పై ఎనిమిదివేల ఎనిమిదివందలు."